ఎండ తగలని తులసి

మొక్కను చంపాలంటే నీళ్ళు మానేయక్కర్లేదు. అతిగా ముద్దు చేస్తే చాలు. మా నర్సరీలో మొదటి ఎండాకాలమే నాకీ సంగతి తెలిసింది. దాన్ని ఒక మనిషి మీద వాడాల్సి వస్తుందని మాత్రం అప్పుడు అనుకోలేదు.

మేముండేది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. నర్సరీ ఊరికి ఉత్తరాన, హైవే ఎక్కితే ముప్పావుగంట. ఆదివారం పూట పిల్లల్ని వెంటేసుకెళ్ళి రెండు బంతి మొక్కలు తెచ్చుకునే చోటు కాదిది, హోల్‌సేల్ నర్సరీ. ఇక్కడి మొక్కలు ట్రక్కులెక్కి దుకాణాలకు వెళ్తాయి. నేలంతా నల్లటి గుడ్డ పరిచి ఉంటుంది, దాని మీద కనుచూపు మేర కుండీలే. వర్క్ పర్మిట్ చేతికొచ్చిన ఏడాది నేనక్కడ చేరాను. ఇండియన్ గ్రోసరీ షాపుల వాళ్ళు తులసి, మల్లె, గోంగూర నారు అడుగుతున్నారని, వాటి సంగతి తెలిసిన మనిషి కావాలని మా ఓనర్, ఒక ముసలి తెల్లాయన, నన్ను పెట్టుకున్నాడు. మా ఆయన విని నవ్వాడు. ఇంట్లో మనీ ప్లాంటే బతకలేదు నీ చేతిలో అన్నాడు. ఆయన సంగతి విడిగా చూసుకున్నాను లెండి.

ఎండాకాలం మా పని తెల్లవారకముందే నీళ్ళతో మొదలవుతుంది. పొద్దున ఫరవాలేదు కానీ, కాస్త పొద్దెక్కాక ఎండలో పడున్న గొట్టం విప్పితే మొదట వచ్చే నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. వాటిని పక్కకు వదిలేసి, చల్లబడ్డాక మొక్కకు పట్టాలి. ఆ తర్వాత కలుపు పీకడం, తులసి వెన్నులు గిల్లడం, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న కుండీలను ఎడం చేయడం, ఆర్డర్లు బళ్ళ మీదకు ఎక్కించడం. మధ్యాహ్నానికి ఆ నల్లగుడ్డ మీద నిలబడితే బూట్ల అడుగు మెత్తబడుతుంది. ఒంటి మీద చొక్కా తడుస్తూ ఆరుతూ ఉప్పు చారలు కడుతుంది. తులసి గిల్లిన వేళ్ళకు ఒక నల్లటి పసరు పడుతుంది. అది గోళ్ళ మూలల్లోకి వెళ్ళిందంటే ఏ సబ్బుకూ వదలదు. ఇంత చెప్పి ఈ మాట అంటే నమ్మరేమో కానీ, నాకా పని ఇష్టం.

అక్కడ నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది మొక్కను ఎండకు అలవాటు చేయడం. గ్రీన్‌హౌస్‌లో మొలిచినదాన్ని నేరుగా తీసుకొచ్చి ఆగస్టు ఎండలో పెడితే ఒక్క పూటలో ఉడికిపోతుంది. అందుకని ముందు పల్చటి నీడలో పెడతాం. తర్వాత పొద్దుటెండ చూపిస్తాం. నీళ్ళు కాస్త తగ్గిస్తాం, గాలికి వదిలేస్తాం. మొక్క మొహం మాడ్చుకుంటుంది. ఆకు చిన్నదవుతుంది, రంగు తగ్గుతుంది, కాడ గట్టిపడుతుంది. చూడ్డానికి అంత బాగుండదు కానీ ఇక ఏ ఇంటికి వెళ్ళినా బతుకుతుంది. ఇలా ఎండ చూపించని మొక్క ఎంత నవనవలాడుతూ ఉంటుందంటే, కొనేవాళ్ళు దానివైపే చేయి చాస్తారు. దాన్ని అమ్మకుండా ఆపడమే మాకొక పని.

ఇక మొదట చెప్పిన ఆ మనిషి సంగతి. మా చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళంతా ఆవిడను అక్కా అంటారు, నేనూ అంటాను. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఇల్లు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. కానీ ఆవిడకు పేరు తెచ్చింది ఇల్లూ కాదు, నోరూ కాదు, హస్తవాసి. ఎవరు గృహప్రవేశం చేసుకున్నా పాలు పొంగించడానికి ఆవిడ చేయే కావాలి. ఎవరి పిల్లను పెళ్ళికూతుర్ని చేసినా మొదటి గంధం ఆవిడే రాయాలి. ఆవిడ ఉప్పూ పసుపూ తెచ్చిపెట్టిన ఇంట్లో గ్రీన్ కార్డ్ తొందరగా వస్తుందని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. పెద్ద చదువులు చదివినవాళ్ళే. ఆవిడా అందుకు తగ్గట్టే, చేయి ముందుకు చాచి, గాజులు పైకి తోసుకుని మరీ చేస్తుంది ఏ పనైనా.

మే నెలలో ఒక శనివారం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నారు. నేను పులిహోర కలిపిపెట్టి పనికి వెళ్ళి, అటునుంచి అటే వచ్చాను. బట్టలు మార్చుకున్నాను, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. గోళ్ళలో ఆ పసరు ఉండనే ఉంది. నా పులిహోర నేనే వడ్డిస్తున్నాను. ఆవిడ ప్లేటు పట్టుకుని వచ్చి, నా చేతులకేసి చూసి ఆగిపోయింది.

"ఆ గరిటె ఇంకెవరైనా తీసుకోండమ్మా," అంది అందరికీ వినబడేలా. "పొద్దుట్నుంచి పేడలో చేతులు పెట్టి వచ్చింది పాపం."

నవ్వారు. అందరూ నవ్వలేదని తర్వాత కొందరు నాకు ఫోన్ చేసి చెప్పారు, ఏం లాభం. ఎవరో నా చేతిలోంచి గరిటె తీసేసుకున్నారు కూడా. తల కొట్టేసినట్టయింది నాకు.

అక్కడితో ఆగిందా. పక్కనే నిలబడ్డ నా కూతుర్ని దగ్గరకు లాక్కుంది. దానికి పన్నెండేళ్ళు. ఆవిడ కూతురూ ఇదీ ఒకే డాన్స్ క్లాసు.

"మీ మమ్మీ యార్డ్ వర్క్ చేసేవాళ్ళతో పనిచేస్తోందట కదా బంగారం?"

నా కూతురు నావైపు చూడలేదు.

"నో ఆంటీ," అంది. "షి వర్క్స్ ఇన్ ది ఆఫీస్ దేర్. కంప్యూటర్‌లో."

గరిటె పోతే పోయింది. నా బిడ్డ అంతమంది ముందు నన్ను దాచిపెట్టుకోవాల్సి వచ్చింది. నేనేదో దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు. ఆ తర్వాతి వారం డాన్స్ క్లాసు దగ్గర దింపుతుంటే మెల్లగా అడిగింది, "అమ్మా, పికప్‌కి వచ్చినప్పుడు కార్‌లోంచి దిగకుండా ఉంటావా?" సరేనన్నాను. ఆ వేసవంతా దిగలేదు. వేరే తల్లులు గుమ్మం దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నేను ఏసీ వేసుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చునేదాన్ని.

పిల్ల మీద నాకు కోపం రాలేదు. వచ్చిన కోపమంతా ఒక్కచోట చేర్చి ఆవిడ కోసం అట్టిపెట్టాను. ఏమని కడిగేయాలో హైవే మీద రోజూ రిహార్సల్ వేసుకునేదాన్ని. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయిన రోజులున్నాయి. పళ్ళు నూరి నూరి దవడ నొప్పి పుట్టేది. ఒకరోజు మల్లె కుండీలు సర్దుతూ పైకే తిట్టేశాను, పక్కన పనిచేసే మెక్సికన్ ఆవిడ తనను అనుకుని కంగారుపడింది. తిట్టి లాభం లేదని నాకూ తెలుసు. నేను తిడితే ఆ అక్క ఏడుస్తుంది, అందరూ వెళ్ళి ఆవిడ కళ్ళు తుడుస్తారు, చివరికి నేనే గయ్యాళినవుతాను.

జూలైలో ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఎలా ఉన్నావు? నీతో చిన్న పని పడింది."

ఆగస్టులో కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తోందట. బ్యాంక్వెట్ హాల్ బుక్ చేసిందట.

"రిటర్న్ గిఫ్ట్‌గా అందరూ ఆ కుంకుమ భరిణెలే ఇస్తున్నారు, బోర్ కొట్టేసింది. నేను తులసి మొక్క ఇద్దామనుకుంటున్నాను. ఇంటికొకటి, నూట ఇరవై దాకా కావాలి. గుబురుగా, పచ్చగా, ఫోటోల్లో బాగా పడాలి. మీ దగ్గర ఉంటాయి కదా. మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పి ఇప్పించు."

ఆఫీసులో అన్న మాటను కాస్త సాగదీసి పలికింది. అంటే నా కూతురు చెప్పింది అబద్ధమని తెలిసి, దాన్ని దాచుకుని, ఇప్పుడు నా మొహాన కొడుతోందన్నమాట. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరేం వర్రీ కాకండి అక్కా, నేనే చూసుకుంటాను," అన్నాను. నా గొంతు అంత తియ్యగా పలకగలదని నాకే తెలీదు.

ఫోన్ పెట్టేసేసరికి నాకు మొత్తం కళ్ళముందు కనబడింది. ఇంట్లో తులసి ఎండిపోతే మంచిది కాదు. ఈ మాట నమ్మని తెలుగు ఇల్లు ఇర్వింగ్‌లో ఉందనుకోను. నమ్మమని పైకి చెప్పేవాళ్ళు కూడా, ఎండిన తులసిని ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి చెత్త వేసే డంప్‌స్టర్ పక్కన పెట్టి, ఇంటికొచ్చి వాళ్ళమ్మకు ఫోన్ చేస్తారు. ఆ అమ్మ మొదట అడిగేది ఒకటే, ఎవరి చేత్తో తీసుకున్నావే ఆ మొక్క అని. నూట ఇరవై ఇళ్ళు, అన్నీ ఒకే వారంలో. ఎవరూ పైకి ఏమీ అనరు. ఊరికే, పాలు పొంగించడానికి ఆవిడను పిలవడం మానేస్తారు. ఎందుకు మానేశారో ఆవిడకు అర్థం కాదు. ఆవిడ కూడా గాజులు పైకి తోసుకుని, చేయి చాచి, ఎవరూ అందుకోక, అలా నిలబడి ఉండాలి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

మిగతా తులసిని ఎప్పటిలాగే బయట పెట్టి ఎండకు అలవాటు చేశాను. ఆవిడ మొక్కల్ని మాత్రం గ్రీన్‌హౌస్‌లో వెనక మూలకు చేర్చి, పైన రెండు వరసల షేడ్ నెట్ కట్టాను. తుంపర నీళ్ళు, చల్లగాలి, అడిగినంత ఎరువు. పొద్దున రాగానే మొదట వాటి దగ్గరకే వెళ్ళేదాన్ని. కన్నబిడ్డను కూడా అంత సాకలేదు. ఆకులు రెండు వేళ్ళ వెడల్పున విచ్చుకున్నాయి. కాడలు లేతగా, నీళ్ళు నిండి, గోరు తగిలితే తెగేలా ఉన్నాయి. పచ్చదనం చూస్తే కళ్ళు చెదిరేది. పెంచినదాన్ని నేనే కనక చెప్తున్నాను, అంత అందమైన తులసి నేను మళ్ళీ పెంచలేదు.

మెక్సికన్ ఆవిడ ఒకరోజు అటు వచ్చి చూసింది.

"చాలా అందంగా ఉన్నాయి," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "బయట పెట్టవా? ఇలా పంపితే బతకవు."

"ఈ కస్టమర్‌కు ఇలాగే కావాలట," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, తన కుండీల వైపు వెళ్ళిపోయింది.

ఫంక్షన్ ముందురోజు మొక్కల్ని ఏసీ ఉన్న వ్యాన్‌లో ఎక్కించి హాల్‌కు పంపించాను, దారిలో కూడా ఎండ కన్నెరగకుండా. సాయంత్రం ఆవిడ ఫోన్. "ఎంత బావున్నాయమ్మా, చూపు తిప్పుకోలేకపోతున్నాను. మీ వాళ్ళకి నా థాంక్స్ చెప్పు," అంది. మా వాళ్ళకట. చెప్తానన్నాను.

శనివారం ఫంక్షన్‌కు నేను వెళ్ళలేదు, ట్రక్కు లోడింగ్ ఉందని చెప్పి తప్పించుకున్నాను. మా ఆయన, నా కూతురు వెళ్ళారు. నేను రోజంతా కుండీలు ఎక్కిస్తూనే ఉన్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. వచ్చే వారమంతా ఇలాగే ఉంటుందని రేడియోలో చెప్పారు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఎండను తిట్టుకుంటుంటే నాకు లోపల పండగలా ఉంది. వాళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి అలసిపోయి పడుకున్నాను. ఆదివారం మళ్ళీ చీకటితోనే లేచి పనికి వెళ్ళిపోయాను. ఇంట్లో ఏముందో చూడలేదు.

సాయంత్రం తలుపు తీసేసరికి నా కూతురు బాల్కనీ తలుపు దగ్గర కార్పెట్ మీద కూర్చుని ఉంది. ముందు న్యూస్‌పేపర్ పరిచి ఉంది, దాని మీద తులసి కుండీ. కాడలన్నీ వాలిపోయి, ఆకులు ఉడికిన తోటకూరలా కుండీ అంచుకు అంటుకుపోయి ఉన్నాయి. ఆ కుండీకి కట్టిన బంగారు రంగు రిబ్బన్ మాత్రం నిగనిగలాడుతోంది. నూట ఇరవై ఇళ్ళు లెక్కేసుకున్నదాన్ని, వాటిలో నా ఇల్లు కూడా ఒకటని నాకు తట్టలేదు.

"అమ్మా, డోంట్ బి మ్యాడ్," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున బాల్కనీలో పెట్టాను. తులసికి సన్ కావాలని అమ్మమ్మ చెప్పేది కదా. వాటర్ కూడా పోశాను. లంచ్ తర్వాత చూస్తే ఇలా అయిపోయింది."

"పోనీలే," అన్నాను. "ఇంకోటి తెస్తాను."

"కాదు, ఇదే కావాలి నాకు. ఇది నువ్వు గ్రో చేసింది."

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలుసు. నేను అందరికీ చెప్పాను కూడా." ముక్కు తుడుచుకుంది. "ఫంక్షన్‌లో మొక్కలు చూసి గర్ల్స్ అందరూ సో ప్రెటీ, సో ప్రెటీ అన్నారు. ఎవరో ఎక్కడివి అని అడిగితే, ఫంక్షన్ చేసిన ఆంటీ, నర్సరీ వాళ్ళు స్పెషల్‌గా చేశారు అని చెప్తోంది. నాకు కోపం వచ్చింది. వెళ్ళి మైక్ తీసుకున్నాను. ఇవన్నీ మా అమ్మ తన హ్యాండ్స్‌తో గ్రో చేసింది, షి వర్క్స్ అవుట్‌సైడ్ ఇన్ ది హీట్, ఆఫీసులో కాదు అని చెప్పాను. అందరూ క్లాప్స్ కొట్టారు అమ్మా. నువ్వుంటే బావుండేది."

నేను బూట్లు కూడా విప్పకుండా దాని ఎదురుగా కూలబడ్డాను. మూడు నెలలుగా ఏ పరువు పోయిందని నేను కార్‌లోంచి దిగకుండా కూర్చున్నానో, దాన్ని ఈ పిల్ల ఒక్కతే అంతమందిలో మైక్ పట్టుకుని తెచ్చిపెట్టింది. ఆ మొక్కలకిప్పుడు నా పేరుంది. రేపో ఎల్లుండో నూట ఇరవై ఇళ్ళలో అవి ఇలాగే వాలిపోతే, అడిగే అమ్మలకు చెప్పడానికి నా పేరు సిద్ధంగా ఉంది.

ఒక్క క్షణం, నిజమే చెప్తున్నాను, పోతే పోనీ అనుకున్నాను. నా పేరుతోపాటు ఆవిడ పేరూ పోతుంది కదా, అది చాలదా అని. అంత కచ్చ పట్టి ఉంది నాకు. తర్వాత నా కూతురి మొహం చూశాను. రేపు స్కూల్లో, డాన్స్ క్లాసులో, మీ అమ్మ ప్లాంట్ చచ్చిపోయింది అని పిల్లలు దాన్నే కదా అడుగుతారు. ఫోన్ తీసి లేడీస్ గ్రూప్‌లో టైప్ చేశాను. నిన్న ఇచ్చిన తులసి మొక్కల్ని ఇప్పుడే ఇంట్లోకి తీసుకోండి, వారం రోజులు నీడలోనే ఉంచండి, తర్వాత రోజూ పొద్దున కాసేపు ఎండ చూపించి మెల్లగా పెంచండి, వాలిపోయినా పారేయకండి, కాండం పచ్చగా ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. తప్పులు పడి ఒక్కో అక్షరం రెండుసార్లు కొట్టాను. నా చేత్తో వేసిన ఉచ్చును నా చేత్తోనే విప్పడమంటే ఒళ్ళు చీరేసుకోవాలనిపించింది.

అరనిమిషం కూడా కాలేదు. ఆవిడ జవాబు. "అవునమ్మా, అందరూ ఇలాగే చేయండి. నేనే చెప్దామనుకుంటున్నాను." కింద దండం బొమ్మలు. ఆ మెసేజ్‌కు వరసపెట్టి హార్ట్‌లు. థాంక్యూ అక్కా, ఎంత జాగ్రత్త అక్కా మీకు. మొక్కలు చాలావరకు బతికాయి. ఆవిడ ఇప్పటికీ గాజులు పైకి తోసుకుని పాలు పొంగిస్తూనే ఉంది. పోయిన నెలలో వాళ్ళింటి వెనక చూశాను, ఆవిడ తులసి నడుమెత్తు పెరిగింది. దాన్ని చూస్తే ఇవాళ్టికీ నాకు కడుపు మండుతుంది.

ఫోన్ బోర్లా పడేశాను. నా కూతురు ఇంకా ఆ కుండీ దగ్గరే ఉంది. ఒక్కో ఆకును మెల్లగా ఎత్తి, నిలబెట్టి, వదిలితే మళ్ళీ పడిపోతోంది.

"మైక్‌లో ఆ ఆంటీ ఒకటి చెప్పింది అమ్మా," అంది. "ఎవరి చేయి మంచిదైతే వాళ్ళింట్లో ఇది బాగా గ్రో అవుతుందని. నాది ఫస్ట్ డేనే చచ్చిపోయింది." చేతులు రెండూ తిప్పి చూసుకుంది. "నా హ్యాండ్ మంచిది కాదు కదా?"

నేను ఆవిడ చేతికి చెడ్డపేరు రావాలని నెల రోజులు నీళ్ళు పోశాను. ఆవిడ తనకే తెలియకుండా, నవ్వుతూ, ఆ చెడ్డపేరును తీసి నా బిడ్డ చేతిలో పెట్టి పంపించింది.

"నీ చేయి కాదు," అన్నాను.

"మరి ఎవరిది?"

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి, గోళ్ళ మూలల్లో నల్లటి పసరుతో. పిల్ల వాటినే చూస్తోంది, జవాబు కోసం.

"ఎండది," అన్నాను. "ఇక్కడి ఎండ మంచిది కాదు."

నా కూతురు బాల్కనీ వైపు చూసింది. తర్వాత లేచి వెళ్ళి, కోపంగా, బ్లైండ్స్ మూసేసింది.